ఉద్యోగం మానేసి సెమినరీలో చేరాలనుకుంటున్నారా?

మొన్న ఆదివారం చర్చిలో పూజ అయ్యాక ఒక కుర్రవాడు నన్ను పక్కకు పిలిచాడు. ఈ దేశం వచ్చి ఏడాదిన్నర. కతోలిక గురువు (ఫాదర్) కావాలని ఉందట, రాజీనామా కూడా రాసి పెట్టుకున్నాడట. ఆ కాగితాన్ని సొరుగులోనే ఉండనివ్వమన్నాను. వీసా ఉద్యోగంతో ముడిపడి ఉన్నవారు, సెమినరీలో, అంటే గురువులను తయారుచేసే విద్యాలయంలో, చోటు ఖాయమై దానికి తగిన వీసా చేతికి వచ్చేదాకా కొలువు వదలకూడదు. పిలుపు దేవుడిదే కావచ్చు, గడువు మాత్రం ప్రభుత్వానిది.

అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, ఏ మేత్రాసనం, అంటే ఏ బిషప్పుగారి పరిధి అన్నది. చాలామంది దీన్ని కాలేజీ ఎంచుకున్నట్టు చూస్తారు. గురుపట్టానికి ముందు మెట్టు డీకన్ పట్టం; అది అందుకున్న రోజే మీరు ఆ మేత్రాసనానికి చెందినవారైపోతారు. పెళ్లి చేసుకోనని మాట ఇచ్చేదీ అప్పుడే, గురుపట్టం నాడు కాదు. విధేయత ఇప్పటి బిషప్పుగారికే కాదు, ఆయన తర్వాత వచ్చేవారికి కూడా. అమ్మానాన్నలకు వయసు మీదపడ్డాక స్వదేశానికి మారిపోవచ్చులే అనుకోకండి. శాశ్వతంగా మారాలంటే ఇక్కడి బిషప్పు వదలాలి, అక్కడి బిషప్పు చేర్చుకోవాలి, రెండూ రాతపూర్వకంగా. మేత్రాసనంలో కాక మఠవాస సభల్లో (సన్యాస సంఘాల్లో) చేరితే పేదరికం కూడా వ్రతమే, పంపిన చోటికి వెళ్లడమే.

ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది కదా, రెండేళ్లు తగ్గిస్తారా అని అడుగుతుంటారు. ఆ ఆశ పెట్టుకోకండి. 2016లో వాటికన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మొదట ఏడాది నుంచి రెండేళ్లు సన్నాహక దశ, తర్వాత కనీసం రెండేళ్లు తత్వశాస్త్రం, ఆపైన నాలుగేళ్లు వేదాంతం. డీకన్ పట్టానికీ గురుపట్టానికీ మధ్య కనీసం ఆరు నెలలు ఉండాలి. మొత్తం ఎనిమిదేళ్లు అనుకుని దిగితే నిరాశ ఉండదు.

మునుపు ఏదైనా సెమినరీలో చేరి మధ్యలో వచ్చేసి ఉంటే దాచకండి. పాత సెమినరీ పెద్దల నుంచి లేఖ తెప్పించుకునే నియమం శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలోనే ఉంది. మానసిక నిపుణుడి దగ్గరికి పంపినా నొచ్చుకోవద్దు, మీ సమ్మతి అడిగే పంపుతారు. ఇక ఆత్మీయ మార్గదర్శకుడికి చెప్పుకున్నది సెమినరీ పెద్ద అయిన రెక్టరు చెవిన పడుతుందేమోనన్న భయం అక్కర్లేదు. మిమ్మల్ని పట్టానికి ఒప్పుకోవాలా వద్దా అన్న విషయంలో ఆ మార్గదర్శకుడి అభిప్రాయం గానీ, పాపసంకీర్తనం (కన్ఫెషన్) వినే గురువు అభిప్రాయం గానీ అడగడాన్ని చట్టం నిషేధించింది. మొదటి ఏడాది ఈ సంగతి తెలియక ఎంతమంది నోరు కట్టుకుని కూర్చుంటారో!

కాగితాల్లో అసలు చిక్కు జ్ఞానస్నాన పత్రం. అమ్మ ప్లాస్టిక్ కవరులో భద్రపరచిన పాతది పనికిరాదు, కొత్తగా రాయించి తెప్పించాలి. భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), పెళ్లి, పట్టం, అన్నీ జ్ఞానస్నానం పొందిన విచారణ (పారిష్) రిజిస్టరులో మీ పేరు పక్క అంచులోనే నమోదవుతాయి. పెళ్లి నమోదు లేకుండా అంచు ఖాళీగా ఉందన్న సంగతే సెమినరీవాళ్లకు కావాలి. కుర్రవాడు అక్కడే ఇంటికి ఫోను చేశాడు. రిజిస్టరులో ఉన్నది జ్ఞానస్నానపు పేరు, పాస్‌పోర్టులో బడిలో రాయించిన పేరు. ఇద్దరూ ఒకరేనని విచారణ గురువుల సంతకంతో లేఖ తెప్పించుకోమన్నాను. ఆ లేఖ కోసం ఇప్పుడు వాళ్ల నాన్న తిరుగుతున్నారు.