గుంట ఎండిపోయినా మళ్లీ అందులో చేపలు ఎలా వస్తాయి?

ఎండిన గుంటలో మళ్లీ కనిపించే అలాంటి చేపల్లో ఒకటి టర్కాయిస్ కిల్లీఫిష్ అనే చిన్న ఆఫ్రికా చేప. మొజాంబిక్ దక్షిణ భాగంలో, దాన్ని ఆనుకున్న జింబాబ్వే అంచుల్లో వానలకు నిండి, కొన్ని వారాలకో నెలలకో ఎండిపోయే గుంటల్లో ఉంటుంది. గుంట ఎండితే పెద్ద చేపలన్నీ చచ్చిపోతాయి, ఒక్కటీ మిగలదు. మిగిలేవి గుడ్లే.

మగచేప మెరిసే రంగుల్లో ఉంటుంది, ఆడది వెలిసిపోయినట్టు బూడిద రంగు. మగది తన వీపు రెక్కను ఆడదాని మీదుగా వేసి అడుగు బురదకు అదిమి పట్టుకుంటుంది, అప్పుడు ఒక్క గుడ్డు పడుతుంది, అలా ఆడది రోజూ ఒక్కొక్కటిగా పెడుతూనే ఉంటుంది.

ఆ మట్టి మన నల్లరేగడి జాతిదే, తడిస్తే ఉబ్బి ఎండితే పగుళ్లిచ్చే రకం. అందులో గుడ్డులోని పిండం ఎదుగుదల ఆపేసి నెలల తరబడి ఆగిపోతుంది, దీన్నే డయాపాజ్ అంటారు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది, మొదటి వానకే అన్ని గుడ్లూ పొదగవు. ఆ వాన మోసం చేసి గుంట మళ్లీ ఎండినా కొన్ని గుడ్లు ఇంకా మట్టిలో భద్రంగానే ఉంటాయి.

పొదిగాక మాత్రం పరుగే. మొజాంబిక్ గుంటల్లో 14 రోజులకే గుడ్లు పెట్టే వయసుకు వచ్చినవి కనిపించాయి! అక్వేరియంలో నీళ్లకు లోటు లేకుండా పెంచినా కొన్ని నెలలకే రంగు వెలిసి, వెన్ను వంగి ముసలివైపోతాయి, అందుకే వృద్ధాప్యం మీద పరిశోధించే ల్యాబుల్లో వీటిని పెంచుతున్నారు.