కర్నూలు ఊరు క్యాంపుల దగ్గర మొదలైందా?

ఉద్యోగం మీద కర్నూలు వచ్చానన్నారు. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అని ఈ పేర్లేంటి, ఊరు అక్కడే మొదలైందా అని అడిగారు. నేను సీ క్యాంపులో పెరిగాను, మా అవ్వ ఇల్లు వన్ టౌన్‌లో, అంటే పాత ఊర్లో. నాకు తెలిసింది చెప్తాను.

అక్కడ మొదలు కాలేదండీ. క్యాంపులు చివర వచ్చినవి. అసలు ఊరు హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే చోట పుట్టింది. పాత పేరు కందనవోలు. అలంపురం గుడులకు రాళ్ళు తోలే బండ్లు నది దాటే ముందు ఈ ఒడ్డున ఆగి చక్రాలకు కందెన వేసుకునేవని, అందుకే ఆ పేరని పెద్దలు చెప్తారు. శాసనం ఏదని అడిగితే చూపించలేను గానీ, ఈ కథను నేను నమ్ముతాను. మా తాత బండి కింద వెదురు గొట్టం ఒకటి వేలాడుతుండేది. అందులో ఆముదం, కాల్చిన గడ్డి మసి కలిపి ఉంచేవాడు. ఏరు దాటాలంటే ముందు సీల ఊడదీసి, చక్రం కొంచెం బయటికి లాగి, ఇరుసుకు గుడ్డతో ఆ నల్లటి జిడ్డు రాసేవాడు. అది చూసినవాడికి కందనవోలు కథ వింతగా అనిపించదు.

కోట విజయనగర కాలానిది. అచ్యుతదేవరాయలు కట్టించాడంటారు. నగరం నడిబొడ్డున కొండారెడ్డి బురుజు చూసే ఉంటారు. బ్రిటిష్‌వాళ్ళు గోడలు చాలామటుకు కూల్చేయగా మిగిలిన వాటిలో అదొకటి. తర్వాత నవాబులొచ్చారు. చివరి నవాబు గులాం రసూల్ ఖాన్ లోపల ఫిరంగులు పోగేశాడని 1839లో ఈస్టిండియా కంపెనీ సైన్యం వచ్చిపడింది. పోరు జరిగింది జోహరాపురంలో. ఇప్పుడది మన ఊరిలో కలిసిపోయింది. నవాబును తిరుచిరాపల్లి పంపారు, మరుసటి ఏడే అక్కడ హత్యకు గురయ్యాడు. 1858లో కర్నూలు జిల్లా అయింది. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలయ్యే కేసీ (కర్నూలు-కడప) కాలువను 1860ల్లో ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించింది. పొలాలతోపాటు పడవలకూ పనికొస్తుందని ఆశ. కంపెనీకి గిట్టుబాటు కాక 1882లో ప్రభుత్వమే కొనుక్కుంది.

ఇక మీ క్యాంపుల సంగతి. మద్రాసు నుంచి విడిపోయి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు, 1953 అక్టోబరు 1న, కర్నూలు రాజధాని అయింది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో చేసుకున్న శ్రీబాగ్ ఒప్పందంలో రాజధాని, హైకోర్టుల్లో ఏది కావాలో రాయలసీమ కోరుకోవచ్చని రాసుకున్నారు. అలా రాజధాని మనకొచ్చి హైకోర్టు గుంటూరుకు పోయింది. మన దగ్గర కట్టడాలు ఎక్కడివి? చాలా ఆఫీసులు డేరాల్లోనే నడిచాయి. ఉద్యోగుల క్వార్టర్లకు ఊరు బయట స్థలాలు చూసి ఏ, బీ, సీ అని పేర్లు పెట్టారు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్ళింది. మూడేళ్ళు, మీద ఒక నెల, అంతే. పేర్లు మాత్రం మనకు మిగిలాయి. ఇంటి అడ్రసులో క్యాంపు అని చూసి, మిలిటరీవాళ్ళా అని బయటి ఊర్లవాళ్ళు నన్ను చాలాసార్లు అడిగారు.

పాత ఊరు ఏటిని ఆనుకుని ఉందంటే ఏమిటో 2009 అక్టోబరు 2న తెలిసొచ్చింది. పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రీ, కిందనుంచి శ్రీశైలం వెనుక జలాలు. వన్ టౌన్‌లో నీళ్ళు మిద్దెలెక్కాయి. మా ఇంటివరకు రాలేదు. నీళ్ళు తగ్గాక అవ్వ ఇంటికి పోతే బీరువా తెరుచుకోలేదు, లోపల అంత బురద. దస్తావేజులను ఒక్కొక్కటిగా విడదీసి తీగ మీద ఆరేసి, మధ్యలో పాత చీర వేసి ఇస్త్రీ చేశాం. రెండు కాగితాలు విడదీయడానికే రాలేదు.

ఇంక అక్కడొద్దని అవ్వను సీ క్యాంపుకు తీసుకొచ్చాం. ఇక్కడ ఇంట్లోకి గాలి రాదని, మాట్లాడేందుకు ఒక్కరూ లేరని రోజూ సణిగేది. ఐదు నెలలకే మూట సర్దుకుని మళ్ళీ వన్ టౌన్ పోయింది.