డబ్బింగ్ చెబితే సరిపోదమ్మా

ప్రశ్న: మా అంగన్‌వాడీ పిల్లల కోసం నేనూ, నా స్నేహితురాళ్లూ కొన్ని అమెరికా పిల్లల వీడియోలకు తెలుగులో మాటలు చెప్పి చూపిస్తున్నాం. చేతులు కడుక్కోవడం, అంకెలు, రంగులు అన్నీ ఉన్నాయి. బొమ్మలూ బాగున్నాయి. అయినా కాసేపటికే పిల్లలు లేచి ఆటల్లో పడుతున్నారు. మా గొంతులు బాగాలేవా? వేరే దేశాల వాళ్లు ఇలాంటివి ఎలా చేసుకుంటున్నారు? ఇంకో అనుమానం, మాటలు పుస్తకాల తెలుగులో ఉండాలా, మా యాసలోనా?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ గొంతుల మీద అనుమానం వదిలేయండి. మీరు పంపిన వీడియో చూశాను. అందులో పాప స్టూలెక్కి, తెల్లటి సింకు దగ్గర కుళాయి తిప్పి చేతులు కడుక్కుంటుంది. మీ సెంటర్లో ఉన్నవి బకెట్టూ మగ్గూ. ఒకరు నీళ్లు పోస్తుంటే ఇంకొకరు కడుక్కుంటారు. పాప ఏం చేస్తోందో మీ పిల్లలకు అర్థమైంది కానీ, అది తాము చేయాల్సిన పని అనిపించలేదు.

జర్మనీ వాళ్లూ మొదట మీలాగే చేశారు. అమెరికాలో 1969లో మొదలైన ‘సెసమీ స్ట్రీట్’ అనే బొమ్మలాటల పిల్లల టీవీ కార్యక్రమాన్ని 1973లో తెచ్చుకున్నప్పుడు, అందులోని న్యూయార్క్ వీధినే జర్మన్ మాటలతో చూపించారు. 1978 నుంచి ఆ వీధి తీసేసి, సామ్సన్ అనే ఎలుగుబంటితో సొంత సెట్ వేసుకున్నారు. మెక్సికో వాళ్లయితే 1972లో మొదటి నుంచీ తమ ఊరి కూడలినే కట్టుకున్నారు. బంగ్లాదేశ్ వాళ్లు దీన్నే ‘సిసింపూర్’గా చేసుకున్నారు, అందులో పల్లెటూరు, మిఠాయి కొట్టు, చేపలంటే ప్రాణమిచ్చే హాలుమ్ అనే బెంగాల్ పులి ఉంటాయి. టీవీ లేని ఊళ్లకు రిక్షా బండి మీద టీవీ పెట్టుకుని వెళ్లి మరీ చూపించారు.

కానీ సెట్టూ బొమ్మలూ మార్చడం తర్వాతి సంగతి. ఈ కార్యక్రమాన్ని ఏ దేశంలో మొదలుపెట్టినా ముందు అక్కడి టీచర్లనూ పిల్లల నిపుణులనూ కూర్చోబెట్టి, ఇక్కడి పిల్లలకు ఏం కావాలని అడుగుతారు. ఆ జవాబులోంచి పాత్ర పుడుతుంది. దక్షిణాఫ్రికాలో 2002లో కామి అనే ఐదేళ్ల బొమ్మ అలాగే వచ్చింది. ఆ పాపకు హెచ్‌ఐవీ ఉంది, తల్లి ఎయిడ్స్‌తో చనిపోయింది. అయినా అందరితో కలిసి ఆడుతుంది, పాడుతుంది. అలాంటి పిల్లతో ఆడుకుంటే ఏమీ కాదని అక్కడి పిల్లలకు తెలియడం అవసరం. అదే పాత్రను తమ దేశంలో చూపించొద్దంటూ అమెరికాలో కొందరు ప్రజాప్రతినిధులు ఉత్తరం రాశారు.

నా మనసుకు బాగా దగ్గరైనది మాత్రం అఫ్గానిస్తాన్ ముచ్చట. 2016లో వాళ్లు తమ సెసమీ స్ట్రీట్‌లోకి జరీ అనే ఆరేళ్ల అమ్మాయిని తెచ్చారు. బడికి వెళ్తుంది, డాక్టరమ్మ దగ్గరికెళ్లి ఆరోగ్యంగా ఉండాలంటే ఏం చేయాలని అడుగుతుంది. ఏడాది తిరిగేసరికి జీరక్ అనే నాలుగేళ్ల తమ్ముణ్ణి చేర్చారు. అక్క బడికి వెళ్తుంటే వాడికి గొప్ప, తనూ ఎప్పుడెప్పుడు వెళ్తానా అని ఎదురుచూస్తాడు. ఆడపిల్ల చదువు గురించి ఆడపిల్లకు చెబితే చాలదు, ఇంట్లో మగపిల్లాడూ అది మామూలు సంగతే అనుకుంటూ పెరగాలి. ఎంత లోతుగా ఆలోచించారో చూడండి! ఏ డబ్బింగూ ఆ తమ్ముణ్ణి తెచ్చిపెట్టలేదు.

మీ పిల్లలు ఎక్కడ లేచిపోతున్నారో పట్టుకోవడానికి ఒక పద్ధతుంది. సెసమీ స్ట్రీట్ పరిశోధకుడు ఎడ్వర్డ్ పామర్ టీవీ పక్కనే ఇంకో తెర పెట్టి, ఏడున్నర సెకన్లకోసారి దాని మీద కొత్త బొమ్మ మార్చేవాడు. పిల్లల చూపు టీవీ వదిలి ఎప్పుడు అటు తిరుగుతుందో రాసుకునేవారు. మీరు టీవీ పక్కన కాసిని ఆటబొమ్మలు పెట్టినా చాలు. ఒకరు వీడియో వైపు చూడకుండా, పిల్లల కళ్లనే చూస్తూ ఏ మాట దగ్గర చూపు తిరిగిందో రాసుకోవాలి. మీరు మెచ్చుకున్న సీన్ల దగ్గరే పిల్లలు లేచిపోయినా బాధపడకండి, అవి తీసేయండి.

ఇక యాస. కువైట్‌లో 1979లో మొదలైన అరబ్బీ సెసమీ స్ట్రీట్ చాలా దేశాలకు వెళ్లాలి కాబట్టి పుస్తకాల అరబ్బీ పట్టుకుంది. 2000లో ఈజిప్టు వాళ్లు తమ పిల్లలు ఇంట్లో మాట్లాడే అరబ్బీలోనే చేసుకున్నారు. మీ వీడియో చూసేది మీ ఊరి పిల్లలే కదా. కాబట్టి మీ యాసలోనే చెప్పండి, మొహమాటం వద్దు. అక్షరాలూ అంకెలూ వచ్చే చోట మాత్రం ఒకటో తరగతి పుస్తకంలో ఉన్నట్టే పలకండి.

మొదట ఒక్క వీడియో చాలు, చేతులు కడగడం మీదే చేయండి. మీ బకెట్టు, మీ మగ్గు, గుడ్డు తినబోయే ముందు వరుసలో నిలబడ్డ మీ పిల్లలు. ఫోన్‌తో తీయొచ్చు, పిల్లల తల్లిదండ్రుల అనుమతి తప్పకుండా తీసుకోండి. తీశాక నాకూ పంపండి, ఏ నిమిషంలో ఎవరు లేచారో కూడా రాయండి.