శిల్పిని ఏం అడగాలి?

ప్రశ్న: మా దగ్గర అందరూ కలిసి పెంచుకుంటున్న శిల్పాల తోట ఒకటి ఉంది. వచ్చే ఆదివారం శిల్పులు అక్కడే పని చేస్తుంటారు, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు అన్నారు. నాకేమో ఈ కళ గురించి ఓనమాలు కూడా తెలియవు. పిచ్చి ప్రశ్న వేస్తే నవ్వుతారేమోనని టెన్షన్. శిల్పాలు ముట్టుకోవచ్చా? పదేళ్ల మా అబ్బాయిని తీసుకెళ్లొచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లండి, ఎవరూ నవ్వరు. ఆరుబయట అందరి ముందూ పని చేయడానికి ఒప్పుకున్నారంటేనే మాట్లాడటం ఇష్టమని అర్థం. 1959లో ఆస్ట్రియాలో కార్ల్ ప్రాంట్ల్ అనే శిల్పి వేరే దేశాల శిల్పులను ఒక రాతి క్వారీకి పిలిచి అందరూ అక్కడే కలిసి చెక్కేలా చేశాడు, ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది. న్యూయార్క్‌లో 1986లో మార్క్ డి సువెరో అనే శిల్పి, తోటి కళాకారులు, చుట్టుపక్కల జనం కలిసి చెత్త పోసే స్థలాన్ని బాగుచేసి సోక్రటీస్ స్కల్ప్చర్ పార్క్ చేశారు. అక్కడ కూడా శిల్పులు పార్కులోనే పని చేసుకుంటారు.

ఇక ఏం అడగాలంటే, ‘దీని అర్థమేంటండీ’ అని మాత్రం మొదలుపెట్టకండి, వాళ్లకు అది విని విని విసుగొచ్చి ఉంటుంది. చేతిపని గురించి అడగండి. ఈ రాయే ఎందుకు తీసుకున్నారు, ఎక్కడ పగులుతుందని భయపడ్డారు, ఇంత బరువును ఎలా నిలబెట్టారు? ఈ చివరిది తప్పక అడగండి, ఎందుకంటే నేల కింద కాంక్రీట్ దిమ్మె, అందులోంచి రాయిలోకి దించిన స్టీలు కడ్డీ లాంటివి మనకు పైకి కనబడవు. రాయి చెక్కుతుంటే కాసేపు ఊరికే వినండి కూడా. లోపల బాగున్న రాయి సుత్తి దెబ్బకు ఖంగుమంటుంది, పగులుంటే శబ్దం మొద్దుగా వస్తుంది, అది వినగానే శిల్పి చెయ్యి ఆగిపోతుంది, అప్పుడు ఆ ముఖం చూడండి.

ఎండావానలకు ఏమవుతుందని అడిగినా చాలా చెబుతారు. పాలరాయిని వాననీటిలోని ఆమ్లం మెల్లగా తినేస్తుంది, ముక్కు, వేళ్ల అంచులు మొద్దుబారతాయి. గ్రానైట్ అంత తేలిగ్గా అరగదు, కానీ చెక్కడం అంత కష్టం. కార్టెన్ స్టీలు అనే ఒక రకం ఉక్కుకైతే పైన పట్టే తుప్పే లోపలి లోహానికి రక్షణ.

ముట్టుకునే ముందు అడగండి. చేతి చెమట, జిడ్డు కంచు మీది రంగును మార్చేస్తాయి. కొన్నిటిని తడిమి చూడాలనే చేస్తారు, అప్పుడు శిల్పే ముట్టుకోమంటారు.

బాబును తీసుకెళ్లండి, పిల్లలు అడిగే ప్రశ్నలే బాగుంటాయి. అయితే గ్రైండర్ నడుస్తుంటే దూరంగా, దుమ్ము మీ వైపు రాని పక్కన నిలబడండి. గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు అది చాలా చేటు, అందుకే శిల్పులు మాస్కు పెట్టుకుంటారు. శిల్పాల మీదికి ఎక్కనివ్వకండి. ఫోటో తీయాలంటే శిల్పిని అడిగి తీయండి, ఎక్కడైనా పెడితే వాళ్ల పేరు కూడా రాయండి.