గుటెన్‌బర్గ్ కొత్తగా చేసిందేమిటి? – సమాధానం

చైనా, కొరియాల్లో ముందే అచ్చు ఉంటే గుటెన్‌బర్గ్ కనిపెట్టిందేమిటని మీ అమ్మాయిని టీచర్ అడిగారన్నారు కదండీ. టెన్షన్ పడకండి, గుటెన్‌బర్గ్ మీద తను చేస్తున్న స్కూల్ ప్రాజెక్టు మార్చక్కర్లేదు. "మొట్టమొదట అచ్చు వేసినవాడు" అన్న వాక్యం మాత్రం తీసేయండి. చైనాలో బీ షెంగ్ అనే అతను 1040ల్లోనే అచ్చు కోసం మట్టి అక్షరాలు చేశాడు. 1377లో కొరియాలో లోహపు అక్షరాలతో వేసిన పుస్తకం ఇప్పటికీ ఉంది.

1450 ప్రాంతంలో జర్మనీలోని మైంజ్‌లో గుటెన్‌బర్గ్ చేసింది, విడివిడి పనుల్ని ఒక్కచోటికి తేవడం. కరిగించిన లోహంతో అక్షరాలు వందలకొద్దీ పోత పోయించాడు. ద్రాక్షరసం తీసే మర లాంటిదాన్ని కాగితం నొక్కడానికి వాడాడు. నాకు అన్నిటికన్నా నచ్చేది సిరా. నీళ్ల సిరా లోహానికి సరిగ్గా పట్టదు, అందుకే నూనె సిరా. స్టీలు గరిటె మీద వాటర్ కలర్ పూయించి చూడండి, బొట్లుబొట్లుగా విడిపోతుంది. పక్కన ఆయిల్ పెయింట్ పూయించండి, సమంగా అంటుకుంటుంది. ఆ రెండు గరిటెలే క్లాసులో చూపించమనండి.

1455 నాటికి పేజీకి 42 వరుసల బైబిల్ తయారైంది. ఆ తర్వాతి కథకు ఇటలీలోని వెనిస్ ఒక్క ఉదాహరణ చాలు: 1501లో అక్కడ పుస్తకాలు అచ్చువేసే ఆల్డస్ మనూషియస్ చేతిలో ఇమిడే చిన్న పుస్తకాలు వేయడం మొదలుపెట్టాడు.