కార్బన్ ఫైబర్ వయొలిన్ కమాను వంకరను వేడి చేసి సరిచేయొచ్చా?

వద్దు. పెర్నాంబుకో అనే చెట్టు కర్రతో చేసిన కమానునైతే స్పిరిట్ దీపం మీద వేడి చేసి వంచుతారు, చల్లారాక ఆ వంపు నిలుస్తుంది. కార్బన్ నారలను పట్టి ఉంచే ఎపాక్సీ అనే జిగురు ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. వేడికి కాస్త మెత్తబడినా కొత్త వంపు నమ్మకంగా నిలవదు. సెగ ఎక్కువైతే పొరలు విడిపోయి కమానే పోతుంది.

కమాను వెంట్రుకలను బిగించే స్క్రూ వదులు చేసి, ఫ్రాగ్ (చేత్తో పట్టుకునే చివర ఉండే దిమ్మ) వైపు నుంచి కొన దాకా ఒంటికన్నుతో చూడండి. కర్ర తిన్నగా ఉండి, బిగించినప్పుడే పక్కకు తిరుగుతోందా? అయితే తప్పు వెంట్రుకలదే. ఏ అంచున బిగువు ఎక్కువో అటే లాగుతుంది. వెంట్రుకలు మార్పించి, రెండంచులూ సమంగా కట్టించండి. కర్రే కొద్దిగా వంకరైతే ఎదురు అంచును కాస్త బిగువుగా కట్టమనండి. కొత్త కమాను బాగా వంకరగా వస్తే మాత్రం మార్పించుకోండి.