మిగిలిన డబ్బును చూసి మురిసిపోకు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య దీవెనలు.

పురావస్తు శాఖలో ఇంజనీరుగా చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అకౌంట్స్ సెక్షన్‌లో ముప్పయ్యేళ్ళు కూర్చున్నవాణ్ణి, రాళ్ళ గురించి నీకు చెప్పేంతవాణ్ణి కాను. వాటికొచ్చే డబ్బు గురించి చెబుతాను.

నెలాఖరుకు నాలుగు రూపాయలు మిగిల్చిన ఇల్లాలిని మెచ్చుకుంటాం. ప్రభుత్వ లెక్కల్లో కూడా ఖర్చు కాని సొమ్ముకు ‘సేవింగ్స్’ అనే పేరు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదికలో మీ శాఖ పక్కన ఆ మాట కనిపిస్తే పొదుపు అనుకునేవు, చాలాసార్లు అది జరగని పని.

ముందు మూడు అంకెలు విడివిడిగా చూడు. బడ్జెట్‌లో రాసింది ఒకటి, ఆర్థిక శాఖ విడుదల చేసింది ఇంకొకటి, ట్రెజరీ చెల్లించింది మూడోది. పుస్తకంలో కోటి ఉన్నా విడుదల ఉత్తర్వు రాకపోతే నువ్వు చేయగలిగింది లేదు. ఉత్తర్వు వచ్చాక వాడకపోతే మాత్రం జవాబు నువ్వే చెప్పాలి. బిల్లు పెట్టాక ట్రెజరీలో ఆగిందా, అది వేరే కథ. ‘మీ శాఖ ఖర్చు పెట్టలేదు’ అని పైవాళ్ళు కేకలేస్తే, డబ్బు ఎక్కడ ఆగిందో తేదీలతో చూపించు. అందుకే ప్రతి పనికీ ఒక పేజీ పెట్టుకుని ఫైలు ఏ రోజు ఎవరి బల్ల మీదికి వెళ్ళిందో రాసుకో.

ఎస్టిమేట్లు ఈ ఏప్రిల్‌లోనే మొదలుపెట్టు. సిమెంటు రోడ్డయితే మార్చిలో హడావిడిగా పోసి బిల్లు ఎత్తేస్తారు. పాత కట్టడాలకు వాడే డంగు సున్నం అలా ఒప్పుకోదు. సున్నం నానాలి, గానుగలో నూరాలి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలవాలి, పూశాక రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. అది చేయగల మేస్త్రీలూ తక్కువే. మొదటి టెండరుకు ఎవరూ రాకపోతే రెండోది పిలిచేసరికి దసరా దాటిపోతుంది. ఆ తర్వాత సవరించిన అంచనాల సమయం వస్తుంది, అంటే ఏడాది మధ్యలో కేటాయింపును మళ్ళీ లెక్క చూస్తారు. అప్పటికి ఖర్చు తక్కువుంటే కోత పడుతుంది, వచ్చే ఏడాది కేటాయింపు మీదా దాని నీడ పడుతుంది.

నా తప్పు కూడా ఒకటి చెబుతాను. ఒక ఊరి పాత కోనేరు మరమ్మతుకు డబ్బొచ్చింది. ఫైలు నా దగ్గరికొస్తే ఫోటోలు లేవని ఒక కొర్రీ, ఒక సంతకం లేదని ఇంకో కొర్రీ వేశాను. రెండూ నిబంధన ప్రకారం సరైనవే. రెండూ ఒకేసారి రాసుంటే నెల మిగిలేది. మార్చి 31 దాటింది, సొమ్ము మురిగిపోయింది. ఆ వానాకాలం తూర్పు గోడ కూలింది. ఆడిట్ వాళ్ళు నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ.

అలాగని మార్చి ఆఖర్లో డబ్బు డ్రా చేసి డిపాజిట్ ఖాతాలో పడేసి ఖర్చయిందని రాయొద్దు. ఎవరు చెప్పినా సరే. పని కాదని తెలిస్తే డబ్బును ముందే సరెండర్ చేస్తే, అంటే తిరిగి అప్పగిస్తే, ఇంకొకరికైనా పనికొస్తుంది. కేంద్ర శాఖలకైతే ఏడాది బడ్జెట్‌లో చివరి మూడు నెలల ఖర్చు 33 శాతం, మార్చి ఖర్చు 15 శాతం దాటకూడదని ఆర్థిక శాఖ పరిమితే ఉంది.

యూసీ, అదే వినియోగ ధ్రువపత్రం, పని అయిన వారంలోనే పంపు. పాతదాని లెక్క అందకపోతే తర్వాతి విడత రాదు. షరతు ఏది తప్పినా అంతే. పంచాయతీల సంగతి మీ బావకు తెలుసు: తెలంగాణలో 2024 మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసి ఎన్నికలు సమయానికి జరగకపోయేసరికి కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులే ఆగాయి.

ఇంకొకటి, బడ్జెట్‌కు ఏడాదే ఆయుష్షు, మీ పనికి అంతకంటే ఎక్కువ. హనుమకొండ వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని పునరుద్ధరణ కోసం 2006లో విప్పితే మళ్ళీ తెరిచింది 2024లో. కాబట్టి పెద్ద పనిని ఏడాదికింతని ముక్కలు చేసి, ఒక్కో ముక్క విడిగా నిలబడేలా ఎస్టిమేట్ వెయ్యి.

నేను చెప్పిన ఆ కోనేరు ఇప్పుడు నీ పరిధిలోనే ఉంది. ఊరి పేరు ఫోన్లో చెబుతాను. మెట్లు ఇంకా బాగానే ఉన్నాయట. వానలు పడకముందే వెళ్ళి కొలతలు తీసుకో, ఫోటోలు మర్చిపోకు.

మీ మామయ్య